అడ్డగీతకు ఒక టక్కు

లిఫ్టులో పదకొండో మనిషి కాలు పెట్టినప్పుడు గీతాచార్యులవారికి ఆ ఉదయం మొదటిసారి భయం వేసింది. అప్పటికి ఆయన వెనకగోడకు బల్లిలా అతుక్కుని, ముక్కుకు జానెడు దూరంలో కొత్తగా అతికించిన ఒక నోటీసును చూస్తున్నారు గానీ చదవడం లేదు. ఇరవై ఆరేళ్లుగా జీతం తీసుకుని చదువుతున్న మనిషి ఊరికే ఎందుకు చదువుతాడు?

"ఇది ఐదుగురి లిఫ్టు కదయ్యా! గోనెసంచిలో కుక్కినట్టు కుక్కుతున్నావేంటి?" అంది మధ్యలో నలుగుతున్న ఒకావిడ.

"ఐదుగురనేది పాతమాటమ్మా," అన్నాడు లిఫ్టు నడిపే మనిషి. అతని ముఖంలో కొత్తగా జ్ఞానోదయమైనవాడి వెలుగుంది. "నిన్న సాయంత్రం కొత్త నోటీసు పెట్టారు. ఇన్నేళ్లూ నేనే తెలియక జనాన్ని మెట్లెక్కించి చంపాను. రండి సార్, మీరూ రండి. ఇంకా ముప్ఫై నాలుగు మందికి చోటుంది."

"ముప్ఫై నాలుగు మందా? ఎక్కడ నిలబడతారు, నీ నెత్తిమీదా?"

"అచ్చులో ఉందమ్మా. అచ్చేసినవాళ్లు కొలవకుండా వేస్తారా?"

ఈ చివరిమాటలో ఉన్న భక్తికి ఆవిడ నోరు మూతపడింది. తలుపు కూడా మూతపడింది. లిఫ్టు ఒకసారి నిట్టూర్చి, ఒకటో అంతస్తును దాటి, రెండో అంతస్తును తాకీతాకనట్టు దాటి, రెండింటికీ మూడింటికీ నడుమ త్రిశంకు స్వర్గంలో ఆగిపోయింది.

పదిమంది ముఖాలూ ఒక్కసారిగా పైకి లేచాయి. ఆచార్యులవారి ముఖం మాత్రం అరక్షణం ఆలస్యంగా లేచింది. పైనుంచి ఏదో కిర్రుమని ఉంటుంది. లోకంలో ఏ చప్పుడైనా ఆయన ముందుగా పక్కవారి ముఖాలను చూస్తారు. తరువాత తన ముఖాన్ని వాటికి అనుగుణంగా దిద్దుకుంటారు. నాలుగేళ్లుగా అభ్యసిస్తున్న కళ అది. భయమైతే భయం, నవ్వైతే నవ్వు. ఇప్పుడు అందరి ముఖాల్లోనూ భయం ఉంది కాబట్టి ఆయన కూడా భయం పెట్టుకుని, ఆ ముఖంతోనే ఎదుటి నోటీసు మీదికి చూపు తిప్పారు.

"ఈ లిఫ్టునందు ఒకేసారి 45 మందికి మించి ఎక్కరాదు."

అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో, ఆయన పనిచేసే ప్రెస్సు పేరు.

అరువు తెచ్చుకున్న భయం ఆ క్షణంలో ఆయన సొంతమైంది. ఈ వాక్యాన్ని ఆయన ఎరుగుదురు. మంగళవారం మధ్యాహ్నం ఇది ఆయన బల్లమీదికి వచ్చింది. వచ్చినప్పుడు నాలుగుకూ ఐదుకూ మధ్య ఒక అడ్డగీత ఉంది. ఆ గీతను ఎర్రసిరాతో కొట్టేసిన చెయ్యి ఇదిగో, పదిమంది బరువు కింద నలుగుతూ, ఆయన భుజానికే వేలాడుతోంది.

*

గీతాచార్యులనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నాలుగో అంతస్తులోని ప్రూఫుల గదిలో ఇరవై ఆరేళ్లపాటు గీతలు దిద్దినందుకు సహోద్యోగులు ఇచ్చిన బిరుదు. సత్కారమూ శాలువా లేకుండా వచ్చిన బిరుదులే చివరిదాకా నిలుస్తాయి కాబట్టి అసలు పేరును ఇప్పుడు జీతాల పట్టీ తప్ప ఎవరూ వాడడం లేదు.

ఆ గదిలో పని ఇద్దరిది. బల్లకు ఒకవైపు ఆచార్యులవారు అచ్చు ప్రూఫు పట్టుకుని కూర్చుంటారు. ఎదురుగా, అసలు రాతప్రతి పట్టుకుని, చదువులమ్మ కూర్చుంటుంది. ఇదీ బిరుదే. ఆమె ఉద్యోగం పైకి చదవడం; ఆమె చదువుతుంటే ఆయన అచ్చును సరిచూడాలి. కామాకు చిన్న విరామం, వాక్యాంతానికి పూర్తి ఊపిరి, అడ్డగీతకు పెన్సిలు తిరగేసి బల్లమీద ఒక టక్కు. అంకెలను మాత్రం విడివిడిగా చదవాలి. పదిహేను అనరాదు, ఒకటి ఐదు అనాలి. ఈ ధర్మశాస్త్రమంతటికీ శిఖరప్రాయమైన సూత్రం ఒకటుంది: పైకి చదవనిది అచ్చులో ఉండరాదు. ఉంటే కొట్టెయ్యాలి.

ఆచార్యులవారు దీనికి సొంతంగా ఒక భాష్యం కూడా చేర్చారు. అర్థం చేసుకునేవాడు ప్రూఫు రీడరు కాడు. అర్థం అనేది దయ్యం లాంటిది. అది పట్టినవాడికి లేని అక్షరం ఉన్నట్టూ, ఉన్న తప్పు లేనట్టూ కనబడుతుంది. ఆయన ఇరవై ఆరేళ్లలో వేదాంతం నుంచి ఎరువుల కరపత్రం దాకా సమస్త వాఙ్మయాన్నీ చదివి, ఒక్క ముక్క కూడా తలకెక్కకుండా కాపాడుకున్నారు. నిజానికి అది సామాన్యుడికి సాధ్యమయ్యే తపస్సు కాదు.

నాలుగేళ్ల కిందట చెవి మొరాయించింది. అంతా పోలేదు. చదువులమ్మ గొంతు గుండ్రంగా, బరువుగా ఉంటుంది, అది వినబడుతుంది. సన్నవీ, పొట్టివీ, పదునైనవీ అయిన శబ్దాలు మాత్రం ఒక్కొక్కటే చెప్పకుండా సెలవు తీసుకున్నాయి. ముందు గడియారం ముల్లు, తరువాత తాళంచెవుల గుత్తి, చివరికి పెన్సిలు టక్కు. ఇతరుల మాటలను పెదవులు పట్టి గ్రహించేవారు. పకార బకార మకారాలను పెదవులే చూపిస్తాయి. మిగతావాటిని పూర్వజ్ఞానం పూరిస్తుంది. పెదవులు కలవకుండా నిరోష్ఠ్య పద్యాలు రాసిన పాతకాలపు కవులు ఆ రోజుల్లోనే ఆయనమీద కుట్ర పన్నారని ఆయన నమ్మకం.

టక్కుకు మాత్రం పెదవులు లేవు. అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం గొప్పది. ఎడమ మోచేతిని వట్టి చెక్కమీద ఆనించి కూర్చునేవారు. ఎదురువైపు పెన్సిలు తగిలితే ఆ అదురు చెక్కలోంచి పాకి మోచేతి ఎముకను మీటేది. చెవి చేయవలసిన పనిని మోచెయ్యి నాలుగేళ్లపాటు, అదనపు జీతం అడగకుండా, చేసింది.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇంట్లో ఆయన భార్య, "మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదండీ!" అన్నప్పుడల్లా ఆమె అది సామెతగానే అంటోందా అని ఆయనకు గుండె ఝల్లుమనేది. తెలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయనకు చూపు మందగించింది. ఆయన్ని కాగితపు రీములకు కాపలాగా గోదాముకు పంపారు. గోదాముకు వెళ్లినవారు తిరిగి నాలుగో అంతస్తుకు వచ్చినట్టు ఏ పురాణమూ చెప్పదు. గాలి లేని ఆ చీకటి గదిలో, అక్షరం ముద్రపడని తెల్లకాగితాల మధ్య కూర్చోవడంకంటే నరకానికి మంచి వర్ణన ఆచార్యులవారికి దొరకలేదు.

అలా ఉండగా, మంగళవారం ఉదయం మేనేజరుగారు బల్లమీద రబ్బరు పట్టా పరిపించారు. పక్కగదిలోకి వచ్చే ఖాతాదారులు "గోడలో వడ్రంగిపిట్ట ఉందా అండీ?" అని అడుగుతున్నారట. పట్టా ఆకుపచ్చగా, వేలెడు మందాన, చూడముచ్చటగా ఉంది. ఆ రోజంతా చదువులమ్మ టక్కులు కొట్టింది. పట్టా వాటిని మింగింది. మోచేతికి ఏదీ అందలేదు. సూత్రం సూత్రమే కాబట్టి, ఆచార్యులవారు ఆ రోజు అచ్చులో కనబడిన ప్రతి అడ్డగీతనూ ధర్మబద్ధంగా కొట్టేశారు.

ఒక్క టక్కూ రాలేదన్న అనుమానం కలగలేదా? కలిగింది. కానీ తెలియకుండా ఉండడానికి కూడా చాలా తెలివి కావాలి. అది ఆయనకు పుష్కలంగా ఉంది. రాసేవాళ్లకు ఇన్నాళ్లకు అడ్డగీతల వ్యామోహం వదిలిందనీ, భాష బాగుపడుతోందనీ ఆ రాత్రి భోజనం దగ్గర భార్యతో సంతోషంగా చెప్పారు.

*

మెకానిక్ పైకి వెళ్లి చక్రం తిప్పి, లిఫ్టును అంగుళం అంగుళంగా రెండో అంతస్తుకు దించేసరికి పది దాటి పది నిమిషాలైంది. బయటపడ్డవాళ్లలో కొందరు లిఫ్టు మనిషిని తిడుతున్నారు. అతను నోటీసును వేలితో చూపిస్తూ, "నా బుర్రలోంచి పుట్టిందా సార్? అచ్చులో ఉంది, చూసుకోండి!" అంటున్నాడు.

ఆచార్యులవారు మిగతా రెండంతస్తులూ మెట్లమీదుగా ఎక్కారు. మంగళవారం నోటీసు ఒక్కటే కాదు, ఇంకా చాలా చూశారు. ఏవేవో గుర్తు రావడం లేదు. ఏదీ తలకెక్కనివ్వని తపస్సు ఫలం ఇప్పుడు ఈ రూపంలో దక్కింది.

"ఏంటన్నా, ఆ ముఖం? లిఫ్టులో ఇరుక్కున్నది నువ్వేనా?" అంది చదువులమ్మ.

"మంగళవారం ప్రూఫులు తియ్యి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె కట్ట విప్పింది. మొదటి కాగితం చూసి కనుబొమలు ఎత్తింది. రెండోది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడోదానికి ఆగలేకపోయింది.

"ఇది విన్నావా? ఈతకొలను వాళ్ల కరపత్రం. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఈత నేర్పుతారట కదా. ఇక్కడేమో, '68 ఏళ్ల బాలబాలికలకు ఈత నేర్పబడును. తల్లిదండ్రులు తప్పక వెంట రావలెను!' ఆ తల్లిదండ్రులను ఎక్కడినుంచి తెస్తారో పాపం, మోసుకుని రావాలి!"

ఆమె భుజాలు ఊగిపోతున్నాయి. ఆచార్యులవారు ఆమె ముఖాన్ని చూసి నవ్వు పెట్టుకోబోయారు. పెదవులు మాట వినలేదు.

"ఇంకోటి. వృత్తి నిపుణుల పట్టిక. పిచ్చిమొక్కలమీద పరిశోధన చేసే పెద్దమనిషి, 'పిచ్చి' పక్కన గీత ఉండాల్సిందేనని రెండుసార్లు రాసిచ్చాడు. నువ్వు తీసేశావు. ఇప్పుడు ఆయన పిచ్చి, మొక్కల పరిశోధకుడు! దానికింద చూడు, చెవిటి పిల్లల ఉపాధ్యాయుడు. పిల్లలకా చెవుడు, పంతులుకా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. ఆమె కాగితంలోకే చూస్తోంది. మామూలుగానే అన్నట్టుంది.

"నేను కొట్టానన్నా," అంది ఇంకా నవ్వుతూనే. "ప్రతిదానికీ కొట్టాను. పెన్సిలు తోక అరిగిపోయింది. ఇన్ని గీతలు ఎలా..." అంటూ తరువాతి కాగితం తీసింది. తీసి, ఆగింది.

నవ్వు ఆమె ముఖంమీదినుంచి ఒక్కసారిగా కాదు, మెల్లగా, దీపం వత్తి తగ్గించినట్టు దిగిపోయింది. కాగితాన్ని ఆయన వైపు తోసింది. అరచేతి అంత కాగితం, మందుసీసాతోపాటు పెట్టెలో పెట్టేది. పసిపిల్లల జ్వరానికి వాడే మందు.

"పూటకు 510 చుక్కలు."

రాతప్రతిలో ఐదు, అడ్డగీత, పది ఉంది. మంగళవారం ఆమె చదివింది: ఐదు, ఒకటి, సున్నా. ఐదు తరువాత పెన్సిలు తగిలింది. పట్టా మింగింది. ఎర్రసిరా గీతను కొట్టేసింది. ఆ పక్కనే ఆయన పొడి సంతకం, ఎప్పటిలాగే ముచ్చటగా ఉంది.

"ఎవరైనా ఇది చూసి ఊరుకుంటారా?" అంది చదువులమ్మ సన్నగా. "బుర్ర ఉన్నవాళ్లెవరైనా..."

ఆచార్యులవారి కళ్లముందు లిఫ్టు మనిషి నిలబడ్డాడు. అచ్చులో ఉంది. అచ్చేసినవాళ్లు కొలవకుండా వేస్తారా? అలాంటివాడు ఒక ఇంట్లో, ఒళ్లు కాలుతున్న బిడ్డ పక్కన, చుక్కలగొట్టం పట్టుకుని కూర్చుని ఉంటాడు. అతను తెలివితక్కువవాడేం కాదు, నమ్మకస్తుడు. మూడువందల ఇరవై ఒకటి. మూడువందల ఇరవై రెండు. మధ్యలో లెక్క తప్పితే, అతను మొదటినుంచి మొదలుపెడతాడు.

"ఎక్కడుంది ఇది ఇప్పుడు?"

"నిన్ననే మిషను ఎక్కింది. పదకొండింటికల్లా వాళ్ల బండి తీసుకుపోతుంది. ఈ మధ్యాహ్నమే పెట్టెల్లో పెట్టేస్తారట."

గోడగడియారం పది ఇరవై ఐదు చూపిస్తోంది.

*

కింద మిషను గదిలో మేస్త్రి ఎవరితోనైనా అరిచే మాట్లాడతాడు. అక్కడ మాత్రం ఆచార్యులవారికి అందరిలాగే అన్నీ వినబడతాయి; అందుకే ఆ గది ఆయనకు ఇష్టం.

"ఎనిమిది వేలు! మడిచి, కట్టలు కట్టి, గుమ్మం దగ్గర పెట్టేశాం!"

"ఆపెయ్యి మేస్త్రీ. బండి ఎక్కించకు."

"ఆపు చీటీ ఏదీ?"

"తెస్తాను. ముందు ఆపు."

"ఆచార్లుగారూ, చీటీ లేకుండా సాక్షాత్తూ భగవంతుడొచ్చి బతిమాలినా సరుకు ఆగదు! పోయినసారి మీమాట విని మొహమాటపడి ఆపితే నా వారం జీతం కోశారు! మేనేజరు సంతకం, కారణం, బాధ్యుడి సంతకం, మూడూ ఉండాలి!" అన్నాడు మేస్త్రి. తరువాత ఆయన ముఖం చూసి గొంతు తగ్గించాడు. "మరీ అంత ముంచుకొచ్చిందా? వెళ్లండి. బండివాడిని కబుర్లలో పెడతాను. పదకొండు దాటితే మాత్రం నావల్ల కాదు."

మేస్త్రి గొంతు తగ్గించి చెప్పిన మాట, సరిగ్గా ఆచార్యులవారికి కావలసిన మాట, ఆ యంత్రాల హోరులో ఆయనకు చేరలేదు. "పదకొండు"లో పెదవులు కలిసిన చోటు ఒక్కటే అందింది. అదే చాలు.

కారణం. నాలుగంతస్తుల మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా ఆయన ఒక కారణం తయారుచేసి, పై మెట్టుమీద దాన్ని చింపేశారు. కంపోజింగు తప్పు అందామంటే కంపోజింగులో గీత ఉంది. రాతప్రతి తప్పు అందామంటే అక్కడా ఉంది. లోకమంతా ఆ గీతను భద్రంగా ఆయన చేతికి అందించింది. పోగొట్టింది ఆయన ఒక్కరే.

*

మేనేజరుగారు కాగితం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. ఆయన బల్లమీద కూడా అదే ఆకుపచ్చ పట్టా. ఆచార్యులవారి వెనకే వచ్చిన చదువులమ్మ బీరువా పక్కన నిలబడింది.

"ఐదువందల పది! ఇది ఎలా జరిగింది?"

ఆయనే రాతప్రతిని లాక్కుని అచ్చు పక్కన పెట్టి చూశారు.

"రాతప్రతిలో ఉంది. అచ్చులో ఉంది. మీరు కొట్టేశారు. అంటే ఆవిడ టక్కు కొట్టలేదన్నమాట." ఆయన చదువులమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా?"

"కొట్టానండి."

"కొడితే ఆయన వినేవాడు కదా. ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఒక్క మచ్చ లేదు."

"పట్టా వేశారు కదండీ, చప్పుడు తగ్గింది..."

పట్టా మాట ఎత్తగానే మేనేజరుగారు ఎర్రబడ్డారు. అది ఆయన స్వయంగా ఎంపిక చేసినది. "పట్టా చప్పుడు తగ్గిస్తుందమ్మా, చంపదు! ఇదిగో!" అని పెన్సిలుతో పట్టామీద కొట్టారు. "వినబడిందా?"

"వినబడిందండి," అంది ఆమె. అబద్ధమాడడం ఆమెకు తట్టలేదు.

"చూశారా! మీరు చెప్పండి. కాదు, ఇటు చూడకండి. అటు బీరువావైపు తిరగండి. నేనెన్ని కొడతానో చెప్పండి. ఆ తరువాత తేలుద్దాం తప్పెవరిదో."

ఆచార్యులవారు తిరిగారు. వీపువైపు నిశ్శబ్దం. గంభీరమైన, సువిశాలమైన, ఏ పెన్సిలూ అలలు రేపలేని మహాసముద్రం లాంటి నిశ్శబ్దం. కొట్టారా? కొడుతున్నారా? ఇంకా మొదలుపెట్టనే లేదా? మెడవెనక చెమట ఒక్కొక్క బొట్టుగా జారడం మాత్రం ఆయనకు స్పష్టంగా తెలుస్తోంది. గోదాము తలుపు తెరుచుకున్న వాసన కూడా, కాగితపు ధూళి వాసన, ముక్కుకు తగిలింది.

అప్పుడు ఆయన కళ్లు చదువులమ్మ చేతిమీద పడ్డాయి. మేనేజరుగారికి కనబడకుండా, ఆచార్యులవారి నీడలో, కొంగుచాటున ఆమె చెయ్యి బయటికి వచ్చింది. మూడు వేళ్లు తెరుచుకున్నాయి.

ఆ మూడు వేళ్లలో నాలుగేళ్లున్నాయి. ఆమెకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. పెన్సిలు అంత గట్టిగా ఎందుకు కొట్టేదో, పక్కగది వాళ్లకు వడ్రంగిపిట్ట ఎందుకు వినబడిందో ఆయనకు ఇప్పుడు తెలిసింది. దానివెంటే ఇంకొకటి కూడా తెలిసింది. ఆయన చెవులు బాగున్నాయని తేలితే, ఆమె పెన్సిలు అబద్ధమని తేలుతుంది. ఆ మూడు వేళ్లూ ఆమె తన కుర్చీలోంచి ఊడదీసి ఇస్తున్న మూడు కాళ్లు.

"ఎన్ని?" అన్నారు వెనకనుంచి మేనేజరుగారు. ఆయన గొంతు లావు, అది వినబడింది.

మూడు. పెదవులు కలిస్తే చాలు, వచ్చేసే మాట. ఆచార్యులవారి పెదవులు కలిశాయి కూడా. గడియారంలో పదీ నలభై ఎనిమిది. ఆపు చీటీలో కారణం గడి ఇంకా ఖాళీగా ఉంది. అందులో ఎవరో ఒకరి పేరు పడాలి. చదువులమ్మ కళ్లు ఆయన్ని తొందరపెడుతున్నాయి: అనెయ్యన్నా.

"వినబడలేదండి," అన్నారాయన.

"అదేంటి? మూడుసార్లు కొట్టాను కదా!"

"కొట్టే ఉంటారు. ఆవిడా కొట్టింది. నాకే వినబడలేదు. నాలుగేళ్లుగా వినబడడం లేదు."

మేనేజరుగారు పెన్సిలు కింద పెట్టారు.

"మరి ఈ నాలుగేళ్లూ ఎలా చేశారు పని?"

"మోచేత్తోనండి."

మేనేజరుగారు ఆ జవాబును పట్టుకోలేక వదిలేశారు. ఆయన చూపు ఒకసారి పట్టామీదికి వెళ్లి, అక్కడ ఏదో కుట్టినట్టు వెంటనే తిరిగి వచ్చింది. "ఈ సంగతి తరువాత మాట్లాడాలి. సోమవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి రాయించుకు రండి. ఆ కాగితాన్ని బట్టి చూద్దాం." 'గోదాము' అని ఆయన అనలేదు. అనకపోవడం ఆచార్యులవారికి మరింత స్పష్టంగా వినబడింది.

మేనేజరుగారు సంతకం చేసిన చీటీమీద కారణం గడిలో ఆచార్యులవారు సొంత దస్తూరీతో రాశారు: ప్రూఫు రీడరుకు టక్కు వినబడలేదు. వాక్యం చివర చుక్క పెట్టడం మరిచిపోలేదు.

లిఫ్టు ఇంకా మరమ్మతులోనే ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన మెట్లు దిగుతుంటే వెనక చదువులమ్మ, "మెల్లగా, మెల్లగా! పడితే ఇంకేదైనా పోతుంది!" అని అరుస్తూ వచ్చింది. గుమ్మం దగ్గర బండి వెనకతలుపు మూసి ఉంది. మేస్త్రి బండివాడి భుజంమీద చెయ్యి వేసి అతనికి మిషను చరిత్రంతా అరిచి చెబుతున్నాడు. చీటీ చూసి చెయ్యి తీశాడు.

"దింపెయ్యవయ్యా అన్నీ!"

"ఇప్పుడే కదా ఎక్కించింది? నేనేమైనా కూలికి ఊగే ఉయ్యాలనా?" అని బండివాడు విసుక్కుంటూ ఒక కాగితం లాగి చదివాడు. కాసేపు లెక్కవేశాడు. "ఐదువందల పదా! ఇన్ని చుక్కలు లెక్కపెట్టేలోగా పిల్లకి పెళ్లీడు వస్తుంది కదండీ!"

మేస్త్రి పగలబడి నవ్వాడు. ఆచార్యులవారు నవ్వలేదు. ఆయన దిగుతున్న కట్టలను ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెడుతున్నారు. ఒక కట్ట తక్కువైతే ఎలా అన్న భయంతో మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టారు.

*

మధ్యాహ్నం రెండింటికి కొత్త ప్రూఫు నాలుగో అంతస్తుకు వచ్చింది. మందు కంపెనీవాళ్లకు సాయంత్రంలోగా కావాలి. ప్రెస్సులో ఇంకో ప్రూఫు రీడరు లేడు. ఉన్న ఒక్కడికీ చెవి లేదు. మేనేజరుగారు గుమ్మంలో నిలబడి, చాలాసేపు ఇద్దరినీ చూసి, "ప్రస్తుతానికి మీరే కానివ్వండి. సోమవారం దాకా," అన్నారు. వెళుతూ వెళుతూ, ఎవరివైపూ చూడకుండా, బల్లమీది పట్టాను చుట్టచుట్టి చంకలో పెట్టుకుపోయారు.

వట్టి చెక్క బయటపడింది. మోచెయ్యి ఆనే చోట నాలుగేళ్ల రాపిడికి పాలిష్ పోయి, రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంది. ఆచార్యులవారు మోచేతిని తెచ్చి ఆ మచ్చమీద పెట్టారు.

"నాకు ముందే చెప్పి ఉండొచ్చుగా అన్నా," అంది చదువులమ్మ రాతప్రతి సర్దుకుంటూ.

"నీకు తెలుసని నువ్వు చెప్పావా?"

"నువ్వు దాచుకుంటున్నది నేనెలా బయటపెడతాను?" అంది. తరువాత గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. "పసిపిల్లలకు, పూటకు, ఐదు..."

పెన్సిలు తిరగబడింది. ఆయన దాన్నే చూస్తున్నారు. కింద మిషను మళ్లీ ఏదో అచ్చు మొదలుపెట్టినట్టుంది. భవనమంతా సన్నగా అదురుతోంది. పొద్దున్నుంచి మెట్లెక్కి దిగిన ఒళ్లు కూడా అదురుతోంది. మోచేతిలో ఏదో కదిలింది. అది చెక్కలోంచి వచ్చిందా, మిషనులోంచి వచ్చిందా, భయంలోంచి వచ్చిందా? ఎదురుగా అచ్చులో ఐదుకూ ఒకటికీ మధ్య నల్లని చిన్న గీత ఉంది. ఎర్రకలం దానిమీద ఆగి ఉంది.

నాలుగేళ్లుగా అడగని మాటను ఆయన అడిగారు.

"కొట్టావా?"

"కొట్టానన్నా."

ఆయన కలాన్ని గీతమీదినుంచి పక్కకు తీశారు.

"ఒకటి, సున్నా, చుక్కలు," అని ఆమె చదివింది.

"ఇక్కడ కొట్టావా?"

"ఇక్కడ గీత లేదన్నా."

"లేదా?"

"లేదు."

"సరే, చదువు," అన్నారాయన. అరచేతిని కూడా చాపి చెక్కకు ఆనించుకున్నారు.